హన్నా ఆరెంట్ దాచుకొన్న కవితలు

తెలుగును ఒడియాయు వినబడు మన మందస సీమనుండి కూలికై దూరము పోయినవాడు అక్కడి భాషలో బేరమాడును. తల్లి చనిపోయెనని కబురు వచ్చిన రాత్రి ఏ భాషలో ఏడ్చును?

రాజనీతి తత్త్వవేత్త హన్నా ఆరెంట్ 1906లో జర్మనీలో పుట్టిన యూదురాలు. అగస్టీను చెప్పిన ప్రేమను గూర్చి పరిశోధన చేసెను. 1933లో నాజీలకు తప్పించుకొని, 1941లో అమెరికా చేరి, నిరంకుశ రాజ్యములను గూర్చిన తన గొప్ప గ్రంథమును 1951లో ఇంగ్లీషున ప్రకటించెను. కవితలు మాత్రము జర్మనులోనే వ్రాసి దాచుకొనెను. తల్లి నేర్పిన భాష అదియే. తరిమినవారి భాషయు అదియే. 1975లో ఆమె మరణించెను. జర్మనీలో అవి సంపుటిగా వెలువడినది 2015లో.

విద్యార్థి దశలో వ్రాసినవి నాకంతగా రుచింపలేదు. వాటిలో దుఃఖముకంటె, దుఃఖించుచున్నానను తలంపే ఎక్కువ. 1940లో స్పెయిన్ సరిహద్దున ప్రాణము తీసికొనిన స్నేహితుడు వాల్టర్ బెంజమిన్‌కై వ్రాసినది వేరు. అందు వాదము లేదు. సంధ్య చీకటిపడును, మనకు ముందుగా పంపబడిన దూతలవలె మృతులు మెల్లగా పలుకుదురు. అంతటి తర్కము తెలిసిన స్త్రీ ఇక్కడ ఊరక చెవియొగ్గి వినుచున్నది.

బబులోను నదుల యొద్ద కూర్చున్నవారి 137వ కీర్తన ఎరిగిన మీకు ఈ కవిత పరాయిది కాదు. అయితే ఆ కీర్తన చివర పగ యున్నది. ఇందులో అదియును లేదు.