దుర్గాబాయి చరిత్రమున మఱుగుపడిన మాట

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని గూర్చిన వ్యాసములలో ఒక కథ తప్పక కానవచ్చును. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభనాడు ఖద్దరు ప్రదర్శనశాల వాకిట నిలిచిన పదునాలుగేండ్ల బాలిక, టిక్కెట్టు లేదని జవాహర్‌లాల్ నెహ్రూను లోనికి పోనీయలేదు. నిర్వాహకులు టిక్కెట్టు తెచ్చి యిచ్చిన పిమ్మటనే దారి విడిచెను. కథ ముచ్చటైనదే. కాని యిన్నిమార్లు చెప్పుకొనుటకు కారణము ఆ బాలికయా, నెహ్రూయా యని మాకు సందేహము.

అంతకు రెండేండ్ల ముందు, 1921లో, ఆ కాకినాడలోనే జరిగిన సంగతి యింతకంటె గొప్పది. గాంధీజీ వచ్చుచున్నారని విని, ఆయన దేవదాసీలతోను, ముసల్మాను స్త్రీలతోను మాటలాడవలెనని పండ్రెండేండ్లైనను నిండని ఆ పిల్ల సంకల్పించెను. ఐదువేల రూపాయల నిధి సమకూర్చినచో కొన్ని నిమిషములిప్పింతుమని పెద్దలు షరతు పెట్టిరి. పిల్ల యెట్లును తేలేదని వారి ధీమా కాబోలు! ఆ సొమ్ము సమకూడెను, సభ జరిగెను, గాంధీజీ ప్రసంగమును తెనిగించినదియు నామెయే. మొదటి కథలో ఆమె యొకరిచ్చిన యాజ్ఞను పాటించినది. రెండవదానిలో తానే కార్యమును కల్పించుకొని, అడ్డము వచ్చినవారిని దాటి సాధించినది. మన రచయితలకు మొదటిదే ప్రియమగుట ఆలోచింపదగిన విషయము.

సేవ, త్యాగము, సహనము - మేము చదివిన చరిత్రములన్నియు ఈ మూడు మాటలతోనే నడచుచున్నవి. పురుషుడు అధికారమును కోరి యిరువదియేండ్లు పాటుపడినచో పట్టుదల యందుము, రాజనీతి యందుము. స్త్రీ యంతపని చేసినచో ఆమె కోరికను దాచి, సేవ యను ముసుగు కప్పుదుము. ఆకాంక్ష యను మాట ఆమెయెడ నిందగా తోచును.

కాని యామె నడచిన దారి చూడుడు. ఎనిమిదేండ్ల ప్రాయమున పెద్దలు చేసిన వివాహమును ఎదిగిన పిదప వదలుకొనెను. 1930 నుండి మూడుమార్లు చెఱసాలకేగెను. వెలువడిన తరువాత, ఇరువదియేండ్లు దాటిన వయస్సున, మెట్రిక్యులేషను పరీక్షకు చదువనారంభించెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో స్త్రీలకు వసతిగృహము లేదని చేర్చుకొనకపోగా, తనవంటి విద్యార్థినులను వెదకి, వసతి తానే యేర్పఱచి, మరల వచ్చి చేరెను. 1942 నాటికి న్యాయశాస్త్ర పట్టమునుగూడ పొందెను. సేవకు ఈ పట్టమేల? రాట్నమును, దయగల మనస్సును చాలును. శాసనములు చేయు చోట కూర్చుండ గోరువారికే యది కావలయును. ఆ చోటు 1946లో మద్రాసు రాష్ట్రము తరఫున రాజ్యాంగ పరిషత్తులో లభించినది. అక్కడ అధ్యక్షవర్గమున నున్న యొకే స్త్రీ యామె. రాజ్యసభకు సభ్యత్వార్హత ముప్పదియైదేండ్లని ప్రతిపాదింపగా, ముప్పది చాలునని 1949లో సవరణ తెచ్చి నెగ్గించెను. తనకప్పటికే నలువది సమీపించుచున్నవి గాన ఆ సవరణ తనకొఱకు గాదు.

ఇంతవరకు చెప్పి, చరిత్రకారులు 1952 నాటి యెన్నికను ఒక్క వాక్యమున దాటిపోవుదురు. ఆ యెన్నికలో ఆమె యోడిపోయెను. రాజ్యాంగము వ్రాసిన సభలో కూర్చున్న స్త్రీకి, ఆ రాజ్యాంగము క్రింద జరిగిన తొలి యెన్నికలోనే చోటు దొరకలేదు. ఆ రాత్రి యామె యేమనుకొనినది? ఎవరు విడిచిపోయిరి? ఎవరు వెంట నిలిచిరి? ప్రణాళికా సంఘమున సభ్యురాలయ్యెనని, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి అధ్యక్షురాలయ్యెనని వెంటనే చదువుదుము. నడుమ నేమియు జరుగనట్లే!

1980లో వెలువడిన తన యాంగ్ల స్వీయచరిత్రకు ఆమెయే ‘చింతామన్ అండ్ ఐ’ అని, భర్త పేరు ముందిడి పేరు పెట్టుకొనలేదా యని కొందఱు మమ్మడుగవచ్చును. 1953లో దేశ ఆర్థికమంత్రిని వివాహమాడి, వృద్ధాప్యమున ఆ స్నేహమును స్మరించి వ్రాసిన స్త్రీకి, తన్ను వెనుక నిలుపుకొను స్వేచ్ఛ యుండనే యున్నది. ఆ వినయము ఆమెది. దానిని చరిత్రకారుడు అరువు తెచ్చుకొనుట తగదు.

1992 నాటి డెబ్బదిమూడవ సవరణ తరువాత మన గ్రామములలో వేలకొలది స్త్రీలు పంచాయతీలకు నిలిచిరి, ఓడిరి, మరల నిలిచిరి. కొందఱి కుర్చీలలో భర్తలే కూర్చుండిరి. అట్టి యొక స్త్రీ, ఓడిన మరునాడు, దుర్గాబాయి చరిత్రమును చేతబట్టినచో ఆమెకు టిక్కెట్టు కథ దొరకును, 1952 దొరకదు.