జేన్‌వే కాఫీ, తెనాలి సారు కాఫీ

చెయ్యి పడని కాఫీ కాఫీ కాదని ఈ శీర్షికలో ఎన్ని వారాలు రాశానో మీకు తెలుసు. తొర్రూరు బస్టాండులో బటన్ నొక్కితే కారే కాఫీ మీద నా కోపమూ తెలుసు. మాది చాయ్ ఊరు. కాఫీ అడిగే ఆ నలుగురికైనా మంచిది దొరకాలన్నది నా పంతం.

ఈ వారం మనవరాలు ఫోన్‌లో 'స్టార్ ట్రెక్: వాయేజర్' పెట్టింది. 1995లో మొదలైన సీరియల్. కెప్టెన్ జేన్‌వే ఓడ ఇంటికి 70 వేల కాంతి సంవత్సరాల అవతల చిక్కుకుపోతుంది. ఎంత వేగంగా వచ్చినా 75 ఏళ్ల ప్రయాణం. ఆమెకు నల్ల కాఫీ ప్రాణం. అక్కడ కాఫీ గింజ లేదు. రెప్లికేటర్ అనే యంత్రం అణువులు పేర్చి కప్పుతో సహా ఇస్తుంది. దానికి శక్తి కావాలి, శక్తికి రేషన్. 'ద క్లౌడ్' భాగంలో కెప్టెన్ తన కాఫీ తానే మానుకుంటుంది. వంట చూసే నీలిక్స్ బదులుగా ఏదో కాచి పోస్తే, జిగటగా జారే ఆ ద్రవాన్ని చూడగానే ఆమె ముఖం మారిపోతుంది.

నాకు మా అమ్మ కాచిన చింతగింజల కాఫీ కళ్లముందు మెదిలింది.

నేను ఏడో తరగతిలో ఉండగా మా లెక్కల సారుది తెనాలి. మా పక్క పోర్షన్‌లో ఒక్కరే ఉండేవారు. ఇంటి నుంచి పంపిన కాఫీ పొడి పొట్లం ఖమ్మం మీదుగా వరంగల్ పోయే బస్సులో, డ్రైవర్ సీటు పక్కన వచ్చేది. నెలాఖరుకు ఫిల్టర్‌లో పొడి తగ్గుతూ, డికాక్షన్ పలచబడుతూ, రెండు పూటలది ఒక పూటయ్యేది. ఒకసారి వానలకు పొట్లం రాలేదు. సారు తలనొప్పితో పాఠం చెప్తున్నారని నేను ఇంట్లో అన్నాను. అమ్మ చింతగింజలు నల్లగా వేయించి, పొట్టు తీసి, రోట్లో దంచి, పాలు బెల్లం వేసి కాచింది. గ్లాసు నేనే పట్టుకుపోయాను.

సారు చివరిదాకా తాగారు. గ్లాసు కడిగి తనే తెచ్చిచ్చారు. "చాలా బాగుందండీ అక్కయ్యగారూ. కానీ ఇది కాఫీ కాదండీ."

అమ్మ నొచ్చుకోలేదు. నేను నొచ్చుకున్నాను. నా పంతం అప్పుడే పుట్టిందేమో. అంత కష్టపడి చేతులతో చేసినదాన్ని కాదంటారా అని.

జేన్‌వే కాఫీ కథలోది. నిజంగానే 2015 మే 3న ఇటలీ వ్యోమగామి సమంతా క్రిస్టోఫొరెట్టి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మొదటి ఎస్ప్రెస్సో తాగింది, వాయేజర్ యూనిఫాం తొడుక్కుని. లవాజా, ఆర్గోటెక్ కలిసి చేసిన 20 కిలోల యంత్రం, బటన్ నొక్కితే కాఫీ. బరువు తెలియని చోట తాగడానికి ప్రత్యేకమైన కప్పు. దాని పదునైన మూల వెంట తలతన్యత కాఫీని పెదవి దాకా లాక్కొస్తుంది. ఆమె అలా తాగుతున్న ఫొటో చూస్తే ఆ కాఫీని కాదనడానికి నాకు నోరు రాలేదు.

సారుకు కావలసింది తెనాలిలో తాగిన ఆ రుచి. అమ్మ ప్రేమ ఆ రుచి కాలేకపోయింది. మర్నాడు కూడా ఆయన వానలో గొడుగు పట్టుకుని ఖమ్మం బస్సు కోసం నిలబడ్డారు. ఆ పూట మా వీధిలో ఒక రెప్లికేటర్ ఉండి ఉంటే, బటన్ నొక్కి, ఆ గ్లాసు రెండు చేతులా పట్టుకుని, ఒలకకుండా ఆయన దగ్గరికి పరిగెత్తేవాణ్ణి.