బంతి ఆగే చోటు

గోలీలాడే పిల్లవాణ్ని కాసేపు నిలబడి చూడండి. వీధి మట్టిలో మడమతో తిప్పి చేసిన గుంట, దానికి మూడు బారల దూరంలో పుల్లతో గీసిన గీత. వాడు మధ్యవేలిని విల్లులా వెనక్కి లాగి, ఒక కన్ను మూసి, గోలీని వదులుతాడు. నేల గట్టిగా ఉందా, నిన్నటి వానకు మెత్తబడిందా, గుంట ముందు ఇసుక పేరుకుందా అని ఎవరికీ చెప్పడు. చెప్పమన్నా చెప్పలేడు. గోలీ మాత్రం గుంట అంచు దాకా వచ్చి, ఒక్క క్షణం తటపటాయించి, లోపలికి దిగుతుంది. అరుగు మీద కూర్చున్న పెద్దాయన ‘వీడికి ఒడుపు తెలుసు’ అంటాడు.

ఆ పిల్లవాడే నలభై ఐదేళ్లు వచ్చాక గోల్ఫ్ మొదలుపెట్టాడనుకోండి. పచ్చటి తివాచీలాంటి గ్రీన్ మీద బంతి వెనక గొంతుక్కూర్చుంటాడు, పట్టర్ అనే కర్రను కంటి ముందు వేలాడదీసి వాలు కొలుస్తాడు, ఊపిరి బిగబట్టి కొడతాడు. బంతి గుంటకు ఆరడుగుల ఇవతలే ఆగిపోతుంది. మరుసటిసారి ఆ కసితో కొడితే ఆరడుగులు అవతలకు పోతుంది. పుస్తకాలు చదివాడు, వీడియోలు చూశాడు, ఖరీదైన పట్టర్ కొన్నాడు. చిన్నప్పుడు వేలి చివర ఉన్నదేదో ఎక్కడో పోయింది. గోల్ఫ్ ఆడేవాళ్లు ‘ఫీల్’ అనేది దాన్నే. మనకు దానికి ఒడుపు అనే చక్కటి మాట ఉంది కాబట్టి ఇక్కడ అదే వాడతాను.

పట్టింగ్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. గాల్లో ఎగిరే దెబ్బలన్నీ అయ్యాక, గుంట చుట్టూ గ్రీన్ అనే నున్నగా కత్తిరించిన గడ్డి మీద బంతిని దొర్లించడమే పట్. మామూలుగా 18 గుంటల కోర్సుకు 72 దెబ్బలు లెక్క; అందులో 36, అంటే సరిగ్గా సగం, పట్‌ల కోసమే కేటాయించారు. ఆటంతా ఇక్కడే గెలుస్తారని క్లబ్బుల్లో అందరూ అనే మాట కొంత అతిశయోక్తి. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ బ్రోడీ అమెరికా ప్రొఫెషనల్ టూర్ దెబ్బలను లక్షల సంఖ్యలో లెక్కగట్టి, మేటి ఆటగాళ్లను మిగతావాళ్లకన్నా పైన నిలబెట్టేది ఎక్కువగా దూరపు దెబ్బలేనని చూపించాడు. ఆయన లెక్కల్లోనే మరో సంగతి ఉంది. ప్రపంచపు మేటి ఆటగాళ్లు కూడా 8 అడుగుల పట్‌ను రెండుసార్లకు ఒకసారే వేస్తారు. 33 అడుగుల దూరం నుంచి వాళ్ల సగటు రెండు పట్‌లు. అంత దూరం నుంచి వేయడం వాళ్లకూ లాటరీయే. మొదటి పట్‌ను గుంట పక్కన ఆపడమే వాళ్ల గొప్పతనం.

ఆపడం ఎందుకంత కష్టమో చిన్న లెక్కతో తెలుస్తుంది. చదునైన గడ్డి మీద బంతి దొర్లే దూరం దాని వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. 30 అడుగుల పట్‌లో చెయ్యి పదో వంతు ఎక్కువ వేగం ఇచ్చిందంటే బంతి 36 అడుగులు దాటుతుంది. అదే ఆరడుగులు పక్కకు తప్పాలంటే గురి 11 డిగ్రీలు వంకరపోవాలి. కళ్లున్నవాడెవడూ అంత వంకరగా కొట్టడు. అయినా సాధన చేసేటప్పుడు అందరూ గురి మీదే గంటలు పోస్తారు. ప్రాక్టీస్ గ్రీన్ మీద నాలుగడుగుల తిన్నటి పట్‌ను మూడు బంతులతో అదే చోటి నుంచి వరసగా కొడుతున్నవాణ్ని చూస్తే నాకు జాలేస్తుంది. మూడో బంతి లోపల పడిందని సంతోషిస్తాడు. కోర్సులో మూడో బంతి ఉండదు కదా!

గుంట కొలత కూడా ఒడుపు వైపే మాట్లాడుతుంది. దాని వ్యాసం 108 మిల్లీమీటర్లు. స్కాట్లండ్‌లోని మసెల్‌బరాలో 1829లో చేసిన గుంటలు తవ్వే పనిముట్టు ఆ వెడల్పున ఉండేది. 1891లో సెంట్ ఆండ్రూస్ గోల్ఫ్ క్లబ్బు పెద్దలు దాన్నే నియమం చేశారు. బంతి వ్యాసం సుమారు 43 మిల్లీమీటర్లు. కాగితం మీద గుంటలో రెండు బంతులు పక్కపక్కన పడతాయి. కానీ వేగంగా వచ్చే బంతికి గుంట కుంచించుకుపోతుంది. బ్రయన్ హోమ్స్ అనే భౌతికశాస్త్ర అధ్యాపకుడు 1991లో లెక్కగట్టిన ప్రకారం, సెకనుకు 1.63 మీటర్ల వేగం దాటితే నడిమధ్యకు వచ్చిన బంతి కూడా గుంటలో ఆగకుండా దాటిపోతుంది. మెల్లగా వచ్చే బంతికి మాత్రం గుంట వెడల్పంతా వాకిలే, పక్క అంచు తగిలినా జారి పడుతుంది. మరి ఎంత మెల్లగా? దీని మీద పెద్ద వాదం ఉంది. ప్రాణం చాలించే వేగంతో గుంటను చేరాలన్నది పాతతరం మేటి ఆటగాడు బాబీ జోన్స్ మార్గం. నాసాలో పనిచేసి గోల్ఫ్ గురువైన డేవ్ పెల్జ్ మాత్రం, తప్పిన బంతి గుంట దాటి 17 అంగుళాల దగ్గర ఆగేటంత వేగం మేలన్నాడు. నా ఓటు జోన్స్‌కే, అయితే ఎగువ పట్‌లలో పెల్జ్ మాట వింటాను.

వాలు సంగతీ వేగంతో ముడిపడిందే. బంతి దారి పొడుగునా ఒకేలా వంగదు. వేగం తగ్గేకొద్దీ వాలుకు లొంగుతుంది. దక్షిణాఫ్రికాకు చెందిన బాబీ లాక్ నాలుగుసార్లు బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. ఆయన చేతిలో ఉన్నది తుప్పు పట్టిన తలతో, చెక్క కాడతో ఉన్న పాత పట్టర్. గుంట చుట్టూ చివరి మూడడుగుల గడ్డిని ఆయన మిగతా దారంతటికన్నా శ్రద్ధగా చూసేవాడు. బంతి నీరసించేది అక్కడే కాబట్టి, అక్కడి చిన్న వంపే తీర్పు చెబుతుంది.

ఆ గడ్డి మనకు కొత్తది కాదు. వెచ్చటి ప్రాంతాల గ్రీన్‌ల మీద పరిచే బెర్ముడా గడ్డి మన గరికే. వినాయక చవితి పత్రిలో దూర్వాయుగ్మంగా పూజకు వెళ్లేదీ, చేలగట్టు మీద రైతు విసుక్కుంటూ పీకేదీ అదే. గ్రీన్‌ల కోసం దాన్ని ఆఫ్రికా గరికతో సంకరం చేసి, మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకు కోస్తారు. గరిక నేలబారుగా ఒక దిక్కుకు పాకుతుంది. ఆ దిక్కున కొడితే బంతి జారుతుంది, ఎదురు కొడితే ఈడ్చుకుపోతుంది. బంతి వెనక నిలబడి చూస్తే గడ్డి మెరిస్తే అనుకూలం, ముదురుగా కనిపిస్తే ఎదురు. గుంట అంచుల్లో ఒకవైపు గడ్డి కొసలు చిరిగి ఎండినట్టు ఉంటే పాకే దిక్కు అటే. మంచు దేశాల ఆటగాళ్లు మన వైపు వచ్చి మొదటి రోజు తెల్లబోయేది ఇక్కడే.

గ్రీన్ వేగాన్ని కొలిచే కర్ర కూడా ఉంది. 1935 అమెరికా ఓపెన్‌లో ఓక్‌మాంట్ దగ్గర జీన్ సారజెన్ కొట్టిన పట్ గ్రీన్ దాటి పోవడం చూసి, ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే మసాచుసెట్స్ ఆటగాడికి ఆ ఆలోచన వచ్చింది. గాడి ఉన్న మూడడుగుల పట్టీని ఏటవాలుగా లేపితే బంతి జారుతుంది. గడ్డి మీద ఎన్ని అడుగులు దొర్లితే గ్రీన్ వేగం అంత. మన దేశంలో నీటి ఎద్దడి ఉన్న పాత కోర్సుల్లో గ్రీన్‌లకు బదులు ‘బ్రౌన్’లు ఉండేవి: ఇసుకలో నూనె కలిపి, నున్నగా చదును చేసి, దాని మీదే పట్ వేసేవారు. అలాంటి చోట ఆడి వచ్చినవాడికి ఏ పరికరమూ అక్కర్లేదు, రెండు బంతులు దొర్లిస్తే నేల స్వభావం పసిగడతాడు.

ఇక ఒడుపు పెంచుకునే దారులు. మొదట సెంట్ ఆండ్రూస్ వెళ్లాలి. ఓల్డ్ కోర్సు పక్కనే ‘హిమాలయాస్’ అని ముద్దుపేరున్న పట్టింగ్ మైదానం ఉంది. గుట్టలు, లోయలు, మెలికలు. తిన్నటి దారి వెతికినా దొరకదు. 1867లో ఊరి ఆడవాళ్లు అక్కడ సొంత క్లబ్బు పెట్టుకున్నారు. చెయ్యి భుజం దాటి పైకి లేపి బంతిని కొట్టడం అప్పట్లో ఆడవాళ్లకు మర్యాద కాదనేవారు. అందుకని దొర్లించే ఆట ఒక్కటే వాళ్లకు మిగిలింది. ఆ మిగిలినదే నూటయాభై ఏళ్లు దాటి బతికింది. ఇప్పుడు కొద్దిపాటి రుసుముతో ఎవరైనా ఆడవచ్చు, పిల్లలూ తాతలూ కలిసి ఆడతారు. గుట్ట ఎక్కి దిగి మలుపు తిరిగే 60 అడుగుల పట్‌కు సూత్రమేదీ పనిచేయదు. నాలుగు వేసేసరికి చెయ్యి తనంతట తానే లెక్కలు మొదలుపెడుతుంది.

అక్కడ పిల్లలకు ఆటగా అబ్బేదాన్ని పరిశోధకులు వేరే దారిలో కనిపెట్టారు. 1978లో కెర్, బూత్ అనే ఇద్దరు ఎనిమిదేళ్ల పిల్లలతో గింజల సంచులు విసిరించారు. ఒక జట్టు మూడడుగుల గురికే సాధన చేసింది. రెండో జట్టు రెండడుగులకు, నాలుగడుగులకు చేసింది, మూడడుగుల గురిని ముట్టలేదు. చివర పరీక్ష మూడడుగులకు పెడితే నెగ్గింది రెండో జట్టే. చెయ్యి ఒక దూరాన్ని బట్టీ పట్టడం వేరు, దూరాల మధ్య పొంతన తెలుసుకోవడం వేరు. ఒకే పట్‌ను పదేపదే కొట్టేవాడికి తెలిసేది మొదటిదే.

కాబట్టి ఒక్క బంతే తీసుకోండి. 12 అడుగులు, తర్వాత 40, తర్వాత 20, ఒకసారి ఎగువకు, ఒకసారి దిగువకు. ప్రతి పట్‌కు ముందు బంతి పక్కన నిలబడకుండా, గుంటకూ బంతికీ నడిమధ్య దూరంలో పక్కకు నిలబడి చూడండి; అక్కడి నుంచి దూరం నిజంగా ఎంతో కంటికి అందుతుంది. వీలైతే గుంట దాకా నడిచి రండి. వాలును కంటికన్నా ముందు అరికాలు పట్టుకుంటుంది.

గుంట లేకుండా కొట్టడం నాకు బాగా నచ్చిన సాధన. ఖాళీ గ్రీన్ మీద మొదటి బంతిని ఎటైనా పది అడుగులు దొర్లించండి. రెండోది దాన్ని తాకకుండా ఒక అడుగు అవతల ఆగాలి, మూడోది ఇంకో అడుగు అవతల. అలా గ్రీన్ చివరి దాకా ఎన్ని బంతులు పేర్చగలరో చూడండి. తర్వాత చివరి నుంచి వెనక్కి రండి. పడిందా లేదా అన్న గోల లేకపోవడంతో మనసు బంతి ఆగే చోటు మీదే నిలుస్తుంది.

మరొకటి కళ్లు మూసుకుని. కొట్టిన వెంటనే, కళ్లు తెరవకముందే ‘తక్కువ’, ‘ఎక్కువ’, ‘సరి’ అని పైకి అనాలి. మొదట్లో అంచనాలన్నీ తప్పుతాయి. పట్టర్ తాకిన చప్పుడూ వేళ్లలోకి వచ్చిన అదురూ ఏం చెబుతున్నాయో రెండు వారాలకు అర్థమవుతుంది. మన వంటింట్లో ఉప్పు కొలిచే చేతికి చెంచా ఎందుకక్కర్లేదో కూడా అప్పుడు తెలుస్తుంది.

బంతిని కాకుండా గుంటను చూస్తూ కొట్టడం ఇంకో పద్ధతి. జోర్డన్ స్పీత్ చిన్న పట్‌లను పోటీల్లో కూడా అలాగే వేసేవాడు. చెత్తకాగితం బుట్టలోకి విసిరేటప్పుడు మన చెయ్యిని మనం చూడం కదా, బుట్టనే చూస్తాం. సాధనలో ఇది గొప్ప మందు, ముఖ్యంగా పొడవు పట్‌లకు. ఆటలో మాత్రం చాలామందికి బంతి మీదే చూపు ఉండాలి. కాల్గరీ విశ్వవిద్యాలయంలో జోన్ వికర్స్ 1992లో ఆటగాళ్ల చూపును కొలిచి, పట్ బాగా వేసేవాళ్ల కళ్లు బంతి దగ్గర స్థిరంగా నిలుస్తాయని, అంత నేర్పు లేనివాళ్ల చూపు అటూ ఇటూ తిరుగుతుందని గమనించింది.

తెలుగు చెవికి పట్టర్, పట్టింగ్ అన్న మాటల్లో ‘పట్టు’ వినిపిస్తుంది. అదే చిక్కు. ఉడుంపట్టు పట్టిన చేతికి ఏ కబురూ అందదు. కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోవాలి: పారిపోకూడదు, నలగకూడదు. ఊపు గడియారం లోలకంలా రెండువైపులా సమానంగా ఉండి, దూరాన్ని ఊపు పొడవు తేల్చాలి. చివర్లో మణికట్టుతో ‘ఇంకాస్త’ అని తోసేవాడికి ఏ రెండు పట్‌లూ ఒకేలా రావు.

జాకీ బర్క్ దగ్గర ఫిల్ మికెల్సన్ నేర్చుకున్న సాధన చాలామందికి తెలుసు: గుంట చుట్టూ మూడడుగుల వలయం, వరసగా 100 వేయాలి, ఒకటి తప్పితే మళ్లీ ఒకటి నుంచి. దాన్ని తక్కువ చేయను, తొంభై దాటాక చేతులు వణికే అనుభవం ఇంకెక్కడా దొరకదు. అయితే అది గుండె నిబ్బరానికి, ఒడుపుకు కాదు.

ఈ విద్య ఎక్కువగా ఆటగాళ్ల సంచులు మోసే కేడీల్లో పండింది. డబ్బున్నవాళ్ల ఆట అని గోల్ఫ్‌ను తిట్టేవాళ్లతో నాకు తగవు లేదు, అది నిజమే. కానీ మన దేశంలో ఇండియన్ ఓపెన్ గెలిచిన మొదటి భారతీయుడు (1991లో) అలీ షేర్ కేడీగా మొదలైనవాడే. కలకత్తాలోని రాయల్ క్లబ్బులో గ్రీన్‌లు చూసుకునే ఉద్యోగి కొడుకు చౌరాసియా గురువు లేకుండా నేర్చుకుని 2016, 2017లో వరసగా అదే టైటిల్ గెలిచాడు. గుంట దగ్గర అతని నేర్పు చూసి తోటివాళ్లు పేరునే మార్చి ‘చిప్‌పట్‌సియా’ అన్నారు. గోల్కొండ దగ్గర నయా ఖిలా పక్కనున్న కోర్సులోనో, విశాఖ కోర్సులోనో వాలు ఎటో తేలకపోతే యంత్రాన్ని అడగకండి, కేడీని అడగండి. ‘రెండు కప్పులు ఎడమ, మెల్లగా సార్’ అంటాడు (కప్పు అంటే గుంట వెడల్పు). అందులో ‘మెల్లగా’ అన్నదే అసలు సలహా, మనం మాత్రం రెండు కప్పుల ఎడమనే వింటాం.

గ్రీన్ అందుబాటులో లేనివాళ్లు ఇంట్లో గచ్చు మీద స్టీలు గ్లాసు పడుకోబెట్టి సాధన చేస్తుంటారు. ఖంగుమని మోగుతుంది, హాయిగానే ఉంటుంది, కానీ గ్లాసు ఎంత గట్టిగా కొట్టినా బంతిని ఆపేస్తుంది కాబట్టి అది నేర్పేదేమీ లేదు. దాని బదులు రూపాయి బిళ్ల పెట్టి, బంతి దాని మీదుగా దొర్లి బెత్తెడు దూరంలో ఆగేలా కొట్టండి. ఒకరోజు గచ్చు మీద, మర్నాడు చాప మీద, ఆ తర్వాత దుప్పటి పరిచి. గ్లాసు వంటింటికి వెళ్లిపోతే ఇంట్లో వాళ్లూ సంతోషిస్తారు.