సవరించిన గురుత్వ సిద్ధాంతాల్లో స్వాతంత్ర్య పరిమితుల లెక్క: ఒక విమర్శనాత్మక పఠనం

ఇంతకుముందు భాగంలో ఐన్‌స్టీన్ క్షేత్ర సమీకరణాలను, బ్రాన్స్–డికీ సిద్ధాంతాన్ని చదివారు. ఈ భాగంలో కొత్త సమీకరణాలు సాధించం. ఒక పరిశోధన పత్రం చేతికి వచ్చినప్పుడు దాన్ని ఏ ప్రశ్నతో చదవాలో చూద్దాం.

ఉదాహరణ కోసం దూరం వెళ్లనక్కరలేదు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం అనువర్తిత గణిత శాఖలో డి.ఆర్.కె. రెడ్డి, వి.యు.ఎం. రావు, వారి సహ పరిశోధకులు బ్రాన్స్–డికీ (1961), సాయెజ్–బాలెస్టర్ (1986), ఎఫ్(ఆర్, టి) (2011) వంటి సిద్ధాంతాల్లో ఎన్నో విశ్వ నమూనాలు నిర్మించారు. ఈ తరహా పత్రాలకు ఒక స్థిరమైన నడక ఉంటుంది. స్థలం అంతటా ఒకేలా ఉంటూ దిశను బట్టి మారే బియాంకీ విశ్వాన్ని తీసుకుంటారు. అందులో తెలియని రాశులు కాలంపై మాత్రమే ఆధారపడతాయి. ఉదాహరణకు ఎ, బి అనే రెండు విస్తరణ ప్రమేయాలు, పీడనం, సాంద్రత కలిపి నాలుగు రాశులు. స్వతంత్ర సమీకరణాలు మూడు. ఒకటి తక్కువ కాబట్టి ఎ అనేది బి కి ఒక ఘాతం అన్న షరతు చేర్చి సాధిస్తారు.

గణితంగా ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయితే ‘నాలుగు రాశులు, మూడు సమీకరణాలు’ అన్న ఈ లెక్కను చదివి, అదే సిద్ధాంతపు స్వాతంత్ర్య పరిమితుల లెక్క అని విద్యార్థులు పొరబడుతుంటారు. ఇది మనం ఎంచుకున్న ఒక ప్రత్యేక విశ్వానికి చెందిన లెక్క. రెండోది సిద్ధాంతానికే చెందినది: ఆ సిద్ధాంతంలో గురుత్వం ఎన్ని విధాలుగా స్వతంత్రంగా కదలగలదు?

పూతలపట్టు ప్రాంతంలో బెల్లం వండటం చూసినవారికి ఈ రెండో లెక్క సులభంగా తెలుస్తుంది. ఇప్పుడు మోటార్లు వచ్చాయి గాని, ఒకప్పుడు చెరకు గానుగను ఎద్దులే తిప్పేవి. పొలంలో విడిచిన ఎద్దు స్థితి చెప్పాలంటే స్థానానికి రెండు సంఖ్యలు, వేగానికి రెండు, మొత్తం నాలుగు కావాలి. దాన్ని గానుగ కొయ్యకు కట్టండి. కేంద్రం నుంచి దూరం స్థిరమైంది. ఒక సంఖ్య పోయింది. దూరం మారదు గనుక ఆ దిశలో వేగం కూడా సున్నా; రెండో సంఖ్యా పోయింది. మిగిలినవి రెండు. అందులో సగం, అంటే ఒకటి, గానుగెద్దు స్వాతంత్ర్య పరిమితి. మొదటి నిబంధన తన వెంట రెండో నిబంధనను తెచ్చిందని గమనించండి. డిరాక్ పద్ధతిలో అసలు పనంతా ఇలా వెనుక వచ్చే నిబంధనలను వెతకడమే.

గురుత్వంలో ఇంకొక రకం నిబంధన ఉంది. రీసర్వేలో పొలానికి సర్వే నంబరు మారితే పంట మారదు. అలాగే నిర్దేశాంకాల ఎంపిక మనది, ప్రకృతిది కాదు. స్థల మెట్రిక్‌లో 6 అంశాలు, వాటి ద్రవ్యవేగాలు 6, మొత్తం 12. నాలుగు నిర్దేశాంకాల స్వేచ్ఛకు నాలుగు నిబంధనలు. ఒక్కొక్కటి రెండేసి సంఖ్యలను తీసివేస్తుంది. 12 నుంచి 8 పోతే 4, అందులో సగం 2. గురుత్వ తరంగాలకు ఉన్న రెండు ధ్రువణాలు ఇవే. బ్రాన్స్–డికీలో అదిశ క్షేత్రం, దాని ద్రవ్యవేగం చేరి 14 అవుతాయి, ఫలితం 3.

ఇప్పుడు ఎఫ్(ఆర్, టి) పత్రాలకు తిరిగి వద్దాం. (ఇక్కడ టి అంటే పదార్థపు శక్తి–ద్రవ్యవేగ టెన్సర్ ట్రేస్. ఎఫ్(టి) అనే వేరే సిద్ధాంతంలో టి అంటే టార్షన్. ఒకే అక్షరం రెండు పనులు చేస్తోంది, పరీక్షలో కలపకండి.) వీటిలో తరచుగా వాడే రూపం ఆర్ + 2 లామ్డా టి. సాధారణ ద్రవానికి టి లో మెట్రిక్ అవకలజాలు ఉండవు. అంటే గురుత్వం వైపు కొత్తగా కదిలేది ఏదీ చేరలేదు; లెక్క మళ్లీ 2 దగ్గరే ఆగుతుంది. మరి సవరించినది ఏమిటి? ఆ టి పదం పదార్థపు లాగ్రాంజియన్‌లో కలిసిపోవలసినదే, విడిగా దానికి భౌతిక అర్థం లేదు అని ఫిషర్, కార్ల్‌సన్ 2019లో వాదించారు. హార్కో, మొరాయెస్ 2020లో దాన్ని ఖండించారు. లెక్క వైపు నుంచి చూస్తే నాకు మొదటి వాదనే బలంగా కనిపిస్తుంది. అలాంటి నమూనాలో విశ్వ విస్తరణ వేగవంతమైతే, ఆ ఘనత గురుత్వానిదా, ద్రవానికి మనం ఇచ్చిన కొత్త ధర్మానిదా అన్న ప్రశ్న మిగిలిపోతుంది. ఆర్ లో రేఖీయం కాని ప్రమేయాన్ని తీసుకుంటే సంగతి వేరు. అక్కడ మూడో పరిమితి నిజంగానే వస్తుంది.

ప్రత్యేక విశ్వం మీద పరీక్షించడం చాలదనడానికి టార్షన్ ఎఫ్(టి) మంచి సాక్ష్యం. సమతల విస్తరణ విశ్వంపై రేఖీయ విచలనాలు తీసుకుంటే అందులో కొత్త పరిమితి ఏదీ కనిపించదు. సిద్ధాంతం మొత్తాన్ని లెక్కించిన లీ, మియావో, మియావో 2011లో 5 అన్నారు. 2018లో ఫెరారో, గుజ్మాన్ 3 అన్నారు. 2020లో బ్లాగోయెవిచ్, నెస్టర్ మళ్లీ 5 అన్నారు. ఆరితేరిన వారి లెక్కలే ఇలా విడిపోయాయంటే, వెనుక వచ్చే నిబంధనలను చివరిదాకా వెతకడం ఎంత కష్టమో ఊహించండి. ఇంతకంటే ఇబ్బందికరమైన సంగతి, కనిపించకుండా పోయిన ఆ పరిమితులు. అవి సమరూప విశ్వంలో మూగబోయి, కొంచెం పక్కకు జరగగానే లేస్తే, ఆ విశ్వం చుట్టూ వేసిన రేఖీయ అంచనాలను నమ్మలేం.

లెక్క ఒకటి ఎక్కువైతే ఏమవుతుంది? ఫియెర్జ్, పౌలి 1939లో ద్రవ్యరాశి గల గ్రావిటాన్‌కు 5 పరిమితులు ఇచ్చారు. అరేఖీయ పదాలు చేర్చగానే ఆరోది దూరుతుందని, దాని శక్తికి కింది హద్దు లేదని 1972లో బౌల్‌వేర్, డెసర్ చూపారు. ఇలాంటి దాన్ని ‘భూతం’ అంటారు. 2010లో డి రామ్, గబదాజె, టాలీ ప్రత్యేక రూపం కనిపెట్టారు. అందులో భూతం లేదని నిరూపించడానికి హసన్, రోసెన్ ఒక నిబంధనతో ఆగలేదు. దాని వెనుక వచ్చే రెండో నిబంధనను కూడా చూపవలసి వచ్చింది. గానుగెద్దు దగ్గర చూసింది అదే: దూరం ఒక్కటే పోతే సగం పరిమితి మాత్రమే పోతుంది.

ప్రయోగం వైపు ఒక మాట. అదిశ క్షేత్రం ఉంటే గురుత్వ తరంగంలో మూడో ధ్రువణం రావచ్చు. అమెరికాలోని రెండు లైగో శోధకాలు దాదాపు ఒకే వాలులో ఉన్నందున ధ్రువణాలను విడదీయడం వాటికి కష్టం. ఇటలీలోని విర్గో అందుకే ఉపయోగపడింది. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో నిర్మించనున్న లైగో–ఇండియా ఈ పనికి మరో దిశను ఇస్తుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. అదిశ క్షేత్రం ఒక్కటి గల బియాంకీ నమూనా పత్రాన్ని తీసుకోండి. అందులోని తెలియని రాశుల సంఖ్య, ఆ సిద్ధాంతపు స్వాతంత్ర్య పరిమితుల సంఖ్య వేర్వేరుగా రాయండి.

2. మెట్రిక్ పద్ధతిలో ఎఫ్(ఆర్) కు 3 పరిమితులు ఉంటాయి. పలాటినీ పద్ధతిలో అదే సిద్ధాంతం ఒమేగా విలువ –3/2 గల బ్రాన్స్–డికీకి సమానం, లెక్క 2. అదిశ క్షేత్రం సమీకరణంలో కనిపిస్తూనే ఉన్నా ఎందుకు లెక్కకు రాలేదు? (సూచన: ఆ క్షేత్రపు ద్రవ్యవేగంపై అదనంగా ఏ నిబంధన వస్తుందో చూడండి.)