పసుపు పంట, పాలకుల గడువు

పసుపు ఓర్పుగలవాని పంట. మృగశిర కార్తెలో విత్తనపు దుంప నేలబడిన పిమ్మట ఇంచుమించు తొమ్మిది మాసములకుగాని త్రవ్వకమునకు రాదు. త్రవ్విన తరువాత ఉడుకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో మెరుగుపెట్టి, కొమ్మును మండను వేరుచేసి నిజామాబాదు యార్డునకో, అచ్చటి ధర నచ్చనిచో సాంగ్లీకో చేర్చునంతలో ఆర్మూరు రైతునకు ఏడాది గడచిపోవును. ఇంతకాలము పెట్టుబడిని మట్టిలో దాచువాడు ప్రభుత్వమునుండి ఔదార్యముకంటె ముందు కోరునది నిలుకడ. అయితే ప్రభుత్వము నిలిచినంత మాత్రమున విధానము నిలుచునా? ఈ నిజామాబాదు జిల్లా చరిత్రను తిరుగవేసిన కొలది నాకీ సంశయము బలపడుచున్నది.

ఎన్నికల భయమెఱుగని నిజాము మంజీరపై 1923లో నిజాంసాగరు ఆనకట్టను మొదలిడి 1931 నాటికి ముగింపించెను. ఆ నీటి యండతో 1937లో బోధనున చక్కెర కర్మాగారము వెలసెను. రాజ్యము 1948లో అంతరించినను గానుగ ఆగలేదు. ప్రజలెన్నుకొన్న ప్రభుత్వము 2002లో అందు సగమునకు మించిన వాటాను ప్రైవేటువారి కప్పగింపగా, మఱొక ప్రజాప్రభుత్వపు కాలమున, 2015 డిసెంబరులో, దానికి తాళము పడెను. ఇది చూపి, ఏకచ్ఛత్రమే అర్థవ్యవస్థకు మేలని వాదించు పెద్దలు మా వైపున లేకపోలేదు. వెట్టికిని జాగీర్దారుల వసూళ్లకును లోబడిన నాటి రైతునకు ఆ ప్రభువుమీద నామినేషను వేయు మార్గము లేదన్న సంగతి వారికేలనో స్ఫురింపదు.

ఆ మార్గమును ఇచ్చటి రైతులు 2019లో త్రొక్కిరి. అప్పటికి రాష్ట్రమున తెరాస కొద్ది మాసముల ముందే ఘనవిజయముతో మరల గద్దెనెక్కియుండెను. స్థానిక లోక్‌సభ సభ్యురాలు ముఖ్యమంత్రి కుమార్తె. కేంద్రమున భాజపాకు నాడు సొంత బలముండెను. పసుపునకు ప్రత్యేక బోర్డు కావలెనని రైతులడుగగా, సుగంధ ద్రవ్యాల బోర్డు ఉండగా వేఱొకటి ఏలయని ఒకరును, అది మా చేతిలోనిది కాదని మఱొకరును అనుచుండ, ఇట్టి రెండు స్థిర ప్రభుత్వముల నడుమ క్వింటాలు పసుపు ధర అయిదాఱువేలకు దిగెను. అంతట 170కి పైగా రైతులు అభ్యర్థులై నిలువగా, బరిలోనివారి సంఖ్య 185కు చేరి, ఒక్కొక్క పోలింగు కేంద్రమున 12 ఓటింగు యంత్రములను వరుసగా పేర్చవలసివచ్చెను. 1996లో ఫ్లోరైడు నీటి గోడు వినిపించుటకై పలువురు నిలువగా నల్లగొండ బరిలోనివారి సంఖ్య 480కి చేరిన పిమ్మట, లోక్‌సభ ధరావతు 500 రూపాయలనుండి 10,000కును, తరువాత 25,000కును పెరిగెను. అనగా ఆర్మూరు రైతు ఒక్కొక్కడు తన గోడు చెప్పుకొనుటకు నాలుగైదు క్వింటాళ్ల పసుపును సర్కారు ఖజానాకు తూచియిచ్చినాడు. ఒక్కనికిని అది తిరిగిరాలేదు.

ముఖ్యమంత్రి కుమార్తె ఓడిరి. బోర్డు తెత్తునని బాండు కాగితముమీద వ్రాసియిచ్చిన భాజపా అభ్యర్థి ధర్మపురి అర్వింద్ గెలిచిరి. ఎన్నికల వాగ్దానము అప్పుపత్రపు రూపము దాల్చుటకంటె పాలనపై జనుల అపనమ్మకమునకు వేఱు నిదర్శన మేల? ఆ పత్రపు గడువు అయిదు దినములు. బోర్డు ప్రకటన వెలువడినది మహబూబ్‌నగరు సభలో, 2023 అక్టోబరు 1న. నాలుగవ తేదీన నోటిఫికేషను వచ్చెను, తొమ్మిదవ తేదీన తెలంగాణ శాసనసభ ఎన్నికల షెడ్యూలు వచ్చెను. ఆవల ఎన్నికలును ముగిసెను, లోక్‌సభ ఎన్నికలును ముగిసెను. బోర్డునకు ప్రారంభోత్సవము జరిగినది 2025 సంక్రాంతినాడు. విధానము ఎన్నికలకు ముందు పరుగు, పిదప నడక!

నిజామాబాదు కేంద్రముగా వెలసిన ఆ బోర్డు కొత్త వంగడములకును, శుద్ధికిని, ఎగుమతికిని తోడ్పడవచ్చును, తోడ్పడవలెను. కాని రైతులు బోర్డుతోపాటు అడిగినది మద్దతు ధర. కేంద్రము మద్దతు ధర ప్రకటించు 22 పంటలలో పసుపు లేదు, ధరను కట్టడిచేయు అధికారము బోర్డునకును లేదు. ఆ రెండవ కోర్కెకు ఏ నోటిఫికేషనును ఇంతవఱకు రాలేదు.