అతుకుల మీద ఏ కుట్టు?

బొంత కుట్టేవాళ్లకు అసలు చిక్కు ముక్కలన్నీ అతికాక మొదలవుతుంది. నక్షత్రాలు, ముక్కోణాలు పేర్చిన పైగుడ్డ సిద్ధం. అడుగున పాత చీరల పొరలూ సిద్ధం. రెంటినీ కలిపి పట్టే కుట్టు ఎలా నడవాలి? పువ్వులా, మామిడి పిందెలా, గళ్లలా?

మా బళ్లారి వైపు కౌదీ (అతుకుల బొంత) కుట్టే అవ్వను అడిగితే ఒకటే మాట: "గీతలు గీసుకోవద్దే, అంచు పట్టుకుని పో." అంచున మొదలైన సాదా కుట్టు చుట్టూ తిరిగి తిరిగి నడిమికి చేరుతుంది. ఉత్తర కన్నడ జిల్లాలో సిద్ది తెగ ఆడవాళ్లు కుట్టే కవంద్ బొంత కూడా అంతే, అంచు నుంచి లోపలికే.

అది సోమరితనం అనుకునేరు. ఎనిమిది కొసలు కలిసే నక్షత్రం నడుమ సూది గుచ్చి చూడండి. మడతల మీద మడతలు పడి గుడ్డ గట్టిగా బొడిపె కట్టి ఉంటుంది. మా ఊరి జీన్స్ కార్ఖానాల నుంచి వచ్చిన ముక్క ఒకటి అందులో ఉంటే సూది విరిగినా విరుగుతుంది. పువ్వు డిజైన్ ఎంచుకుంటే అలాంటి బొడిపెల మీదుగానే వంపులు తిప్పాలి. కుట్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. అదే సాదా వరుసనైతే బొడిపె పక్కకు కొంచెం జరుపుకోవచ్చు. పైగా అన్ని రంగుల మధ్య ఆ పువ్వు ఎవరికి కనబడుతుంది? ఉగాది పచ్చడిలో గరం మసాలా చల్లినట్టే.

కుట్టుకే పేరు రావాలంటే సండూరు లంబాడీ పని చూడాలి. ఒకే రంగు గుడ్డ మీద దారం, అద్దం మెరుస్తాయి. 2023 జులైలో హంపిలో జీ20 సమావేశాలప్పుడు సండూరు కుశల కళా కేంద్రం ఆడవాళ్లు కుట్టిన 1,755 వస్తువులను ఒకచోట పరిచి గిన్నిస్ రికార్డు కొట్టారు. అక్కడ గుడ్డ తగ్గి ఉంటుంది, కుట్టు ముందుకొస్తుంది. అతుకుల బొంతలో తగ్గాల్సింది కుట్టు.

అయినా సరదా చంపుకోనక్కర్లేదు. అతుకులు లేని వెడల్పాటి అంచు ఉంటే మామిడి పిందెలన్నీ అక్కడ కుట్టుకోండి. దారం మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఒకే రంగు.

ఇంకో సంగతి. బొంతకు వెనుక వైపూ ఉంది. అక్కడ ఒంటి రంగు పాత చీర ఉంటే మీరు వేసిన ప్రతి వరుసా, ప్రతి వంకరా బయటపడుతుంది. డిజైన్ ఎంచుకునేటప్పుడు పైగుడ్డను కాసేపు మరిచిపోయి, వెనుక చీర మీద ఏది బాగుంటుందో చూసుకోండి. సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.