చంద్రుడి చాటున

చంద్రయాన్-1 అనగానే అందరికీ గుర్తొచ్చేది చంద్రుడి మీద నీటి జాడ. నాకు మాత్రం అందులో వెళ్లిన 160 గ్రాముల బల్గేరియా పరికరం మీదే మనసు. పేరు రాడమ్. లోపల ఉన్నదల్లా చిన్న సిలికాన్ రేకు. అంతరిక్షం నుంచి వచ్చే ఒక్కో కణం దానిలోంచి దూసుకుపోతూ ఎంత శక్తి వదిలిందో లెక్క రాసుకోవడమే దాని పని. 2008 అక్టోబరు 22న శ్రీహరికోటలో రాకెట్ లేచిన కొద్ది గంటల్లోనే ఆ పని మొదలుపెట్టేసింది.

చంద్రుడికి 100 కిలోమీటర్ల ఎత్తున తిరిగినన్నాళ్లూ దానికి తగిలిన డోసు గంటకు సగటున 9.46 మైక్రోగ్రేలు. కిలో పదార్థం ఎంత శక్తి మింగిందో చెప్పే కొలత అది. 2009 మేలో కక్ష్యను 200 కిలోమీటర్లకు పెంచాక సుమారు 10.7. ఈదురువానలో గోడవార నిలబడ్డవాడు రెండడుగులు ఇవతలికి జరిగితే ఎక్కువ తడవడూ? అలాగే. కాస్మిక్ కిరణాలు అన్ని దిక్కుల నుంచీ వస్తాయి, చంద్రుడు అడ్డున్న మేర తప్ప. కాగితం మీద వేసి చూశాను. 100 కిలోమీటర్ల ఎత్తున చంద్రుడు ఆకాశంలో మూడోవంతు కప్పేస్తాడు, 200 దగ్గర పావువంతుకు కాస్త పైన. అంటే తెరిచి ఉన్న ఆకాశం పెరిగింది 9 శాతం. డోసు పెరిగింది 13 శాతం.

ఆ మిగిలిన నాలుగు శాతం దగ్గరే ఈ విద్య రుచి తెలుస్తుంది. ఆ ఏడాది సూర్యుడు బాగా మందకొడిగా ఉన్నాడు. సౌరగాలి నెమ్మదిస్తే పాలపుంత నుంచి వచ్చే కణాలు లోపలికి ఎక్కువ చొరబడతాయి. ఆ నాలుగు శాతంలో సూర్యుడి మందకొడితనం చేయీ ఉంది.

మా పశ్చిమగోదావరికి ఈ కణాల లెక్కలతో పాత చుట్టరికమే. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు, సన్యసించి స్వామి జ్ఞానానంద అయ్యారు. హిమాలయాల్లో తపస్సు అయ్యాక యూరప్ వెళ్లి, ప్రాగ్‌లో ఎక్స్-కిరణాలూ లివర్‌పూల్‌లో భౌతిక శాస్త్రవేత్త చాడ్విక్ దగ్గర అణుకేంద్ర శాస్త్రమూ పట్టారు. తిరిగొచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగం నిలబెట్టారు. నిష్ఠ అక్కర్లేని శాస్త్రం ఏదైనా ఉంటే ఉండొచ్చు, ఇది మాత్రం కాదు.

ఇక అంగారకుడి చుట్టూ ఈ డోసు కొలత చంద్రయాన్-1 కంటే ముందే మొదలైంది. నాసా వారి ఒడిస్సీలో వెళ్లిన మేరీ అనే పరికరం 2003 అక్టోబరు సౌర తుఫానులో మూగబోయింది. 2016లో యూరప్, రష్యాల నౌకలో రాడమ్‌కు చుట్టమైన ల్యూలిన్ అక్కడికి చేరింది. మన మంగళయాన్‌లో ఐదు పరికరాలు వెళ్లాయి, డోసు కొలిచేది లేదు. ఐదూ కలిపి 15 కిలోలకు మించని సామాను, ఇరుకు తెలిసిందే. అయినా మళ్లీ వెళ్లేనాటికి 160 గ్రాములకు చోటు దొరక్కపోదు.